ఫుల్ ప్లేటు, హాఫ్ ప్లేటు, క్యాండిడ్డు

పెళ్లి ఫోటోల బేరానికి ఇప్పుడు నిజామాబాదులో ఏ స్టుడియోకు పోయినా ముందు చేతిలో ఒక కార్డు పెడతారు. ట్రెడిషనల్ ఫోటో, ట్రెడిషనల్ వీడియో, క్యాండిడ్ ఫోటో, సినిమాటిక్ వీడియో, డ్రోన్, టీజర్, ప్రీ వెడ్డింగ్, లైవ్. ఒక్కో పేరు పక్కన ఒక్కో రేటు. ఈ వరుసలో నేనెక్కడున్నానా అని కళ్లద్దాలు సవరించుకుని వెతికితే మొదటి మాటలోనే దొరికాను. ట్రెడిషనల్. అంటే పిల్లనూ పిల్లగాణ్నీ నిలబెట్టి, అటు మేనమామను, ఇటు అమ్మమ్మను పెట్టి, అందరి మొహాలూ కనబడేటట్టు తీసే ఫోటో. అన్నిటికంటే తక్కువ రేటు దానిదే. బతుకంతా బోధన్‌లో దుకాణం పెట్టుకుని నేను చేసిన పనికి చివరికి దక్కిన పేరు అది.

సరే, పేరు ఏదైతేనేం అనుకుని, "క్యాండిడ్ అంటే ఎన్ని ఫోటోలు బాబూ, ఏ సైజు?" అని అడిగాను. కౌంటర్లో పిల్లగాడు నా మీద జాలిపడ్డాడు. "అది సైజు కాదంకుల్, ఫీల్" అన్నాడు. ఫీలుకు రేటెట్లా కట్టినవ్రా అని నోటిదాకా వచ్చింది, పెళ్లివారి ముందు బాగుండదని మింగేశాను. ఇప్పుడు ఇక్కడ కక్కుతున్నాను.

ఇంగ్లీషు మాటలు మా రోజుల్లో లేవని కాదు. ఫోటో దుకాణమంటేనే ఇంగ్లీషు దుకాణం. ఫుల్ ప్లేటు, హాఫ్ ప్లేటు, క్వార్టర్ ప్లేటు, క్యాబినెట్టు, పోస్టుకార్డు, పాస్‌పోర్టు, స్టాంపు. వర్ని నుంచి బస్సెక్కి వచ్చిన అవ్వకు సంతకం పెట్టరాదు, కానీ "హాఫ్ ప్లేటు ఒకటి, పోస్టుకార్డులు మూడు కొట్టియ్యి బిడ్డా" అనేది. ఆ మాటతో నాకు కాగితం ఎంత తెగుతుందో, అద్దం ఎంత కోయాలో, పైసలు ఎన్నో అన్నీ తెలిసిపోయేవి. ఆమె చేతికి ఇచ్చిన ఫోటో రవ్వంత చిన్నదైతే, ఇంట్లో గోడకున్న పాత ఫ్రేములో పెట్టి చూసి మర్నాడు వాపసు తెచ్చేది. పేరు చెప్పి తక్కువ ఇవ్వడానికి వీలుండేది కాదు.

హోటల్లో హాఫ్ ప్లేటు పలావు చెబితే వచ్చేది సగానికి తక్కువే కదా. మా లెక్క అందుకు తిరగబడ్డది. ఫుల్ ప్లేటు అంటే 6.5 అంగుళాలకు 8.5. అందులో కచ్చితంగా సగం చేస్తే ఒక పక్క 4.25 రావాలి. కానీ హాఫ్ ప్లేటు 4.75కు 6.5. అర అంగుళం ఎక్కువే. క్వార్టర్ ప్లేటు మాత్రం 3.25కు 4.25, సరిగ్గా పావు. ఈ ఫుల్ ప్లేటు కొలత 1839లో ఫ్రాన్సులో డాగేర్ అనే ఆయన వెండిపూత రాగిరేకు మీద బొమ్మ పట్టినప్పటిది. రేకు పోయి గాజు పలక వచ్చింది, గాజు పోయి ఫిల్మ్ వచ్చింది, కొలత మాత్రం పేరు పట్టుకుని బోధన్ బస్టాండు దాకా నడిచి వచ్చింది. నేను పనిలో చేరేనాటికి గాజు పలకలు అటక మీదికి ఎక్కాయి. అయినా ప్లేటు అనే మాట ఎవరూ దించలేదు.

ఆ గాజు పలకల గొప్పతనం మన గడ్డ మీద తెలియాలంటే రాజా దీన్ దయాళ్‌ను తలుచుకోవాలి. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిన మనిషి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో చేరి, సికింద్రాబాదులో స్టుడియో నడిపి, ముసవ్విర్ జంగ్ అని బిరుదు పొందాడు. పరదా చాటు ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టుడియో వేరుగా పెట్టించి, కెమెరా దగ్గర దొరసానిని నిలబెట్టాడు. 1905లో పోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వాటి నుంచి ఈ రోజు కూడా ప్రింటు కొట్టొచ్చు. మొన్నటి ఫోన్‌కు ముందటి ఫోన్‌లో మీరు తీసిన బతుకమ్మ ఫోటోలు ఎక్కడున్నాయో ఒకసారి వెతికి చూడండి, తొందరేం లేదు, నేను ఆగుతాను.

నాకు పని నేర్పింది నిజామాబాదులో గాంధీచౌక్ దగ్గర గల్లీలో దుకాణం పెట్టుకున్న ఒక ఉస్తాద్. ఆయన చదివింది ఉర్దూ. ఇంగ్లీషు వచ్చిందల్లా ఫిల్మ్ డబ్బాల మీదా, బ్రోమైడ్ కాగితం ప్యాకెట్ల మీదా అచ్చేసినంత మటుకే. గ్లాసీ, మ్యాట్. సాఫ్ట్, నార్మల్, హార్డ్. ఆ మాటలు ఆయన నోట్లో వైద్యుడి నోట్లో మందుపేర్లలా పలికేవి. ఆరిన నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "పత్లా హై, హార్డ్ నికాల్" అనేవాడు. నెగెటివ్ పల్చగా వచ్చిందంటే హార్డ్ కాగితం మీద కొడితేనే నలుపు తెలుపులు విడివిడిగా తేలతాయి. చిక్కగా ఉంటే సాఫ్ట్. మాట తప్పితే ప్రింటు పాడవుతుంది, ప్రింటు పాడైతే ఆ కాగితం డబ్బు జీతంలో తెగుతుంది. కాబట్టి మాటలు బాగా గుర్తుండేవి.

ఎండకు కూడా ఇంగ్లీషు లెక్క ఉండేది. 100 ఏఎస్ఏ ఫిల్మ్ వేసుకుని నడిమధ్యాహ్నం చెరుకు తోటలో నిలబడితే లెన్సు నోరు ఎఫ్ 16, షట్టరు సెకనులో 125వ వంతు. మబ్బు కమ్మితే ఎఫ్ 8. కొన్ని డబ్బాల మీద అదే వేగాన్ని జర్మనీ లెక్కలో 21 డిన్ అని రాసేవాళ్లు. ఏఎస్ఏ 100 అన్నా డిన్ 21 అన్నా ఒకటే, రెండూ కలిపే తర్వాత ఐఎస్ఓ చేశారు. వెలుతురు కొలిచే మీటరు కొనే తాహతు లేని మేము ఎడ్లబండి నీడ ఎంత నల్లగా పడిందో చూసి ఆ అంకెలు చెప్పేవాళ్లం. ఇప్పటి పిల్లగాళ్లు కెమెరాను ఆటోలో పెట్టి, ఐఎస్ఓ ఎంత పెట్టినవ్ అంటే తెర మీద చదివి చెబుతారు.

ఒక మాట ఒప్పుకుంటాను. పాత పేర్లలో కూడా కొలత కానివి ఉన్నాయి. 120 ఫిల్మ్ అంటే 120 ఏమిటి? అంగుళాలా, సెంటీమీటర్లా? ఏమీ కాదు. 1901లో తెచ్చిన ఫిల్మ్‌కు కొడాక్ కంపెనీ తర్వాత వేసుకున్న వరుస నంబరు. కానీ ఆ నంబరు చెబితే ఏ ఊళ్లోనైనా అదే డబ్బా వచ్చేది. అదే రోలు మీద 6కు 6 సెంటీమీటర్ల చదరాలైతే 12 ఫోటోలు, 6కు 9 అయితే 8, 6కు 4.5 అయితే 16. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ చేతికొచ్చాక ఈ 12 లెక్క ఊరూరికీ తెలిసింది. వెనక ఎర్ర కిటికీలోంచి అంకె చూసుకుంటూ రోలు తిప్పాలి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు ఇందు పేరుతో నలుపు తెలుపు ఫిల్మ్ తెచ్చినప్పుడు మా ఉస్తాద్ డబ్బా తిప్పి చూసి, "హమారే ఇందూర్ కా హై క్యా?" అని నవ్వాడు. నిజామాబాదు పాత పేరు ఇందూరు కదా.

పన్నెండే ఉన్నాయంటే మనిషి ఆలోచించి మీట నొక్కుతాడు. ఇంట్లో ఎవరెవరు దిగాలో ముందు రాత్రే మాట్లాడుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు ఒక ఇడ్లీకి పన్నెండు తీస్తున్నారు, అందులో పదకొండు చెరిపేస్తున్నారు, ఆ మిగిలిన ఒకటి కూడా నిలువునా కోసి డీపీ పెడుతున్నారు.

అన్నిటికంటే నా కడుపు మండేది ఫుల్ ఫ్రేమ్ అనే మాట దగ్గర. కొత్త కెమెరా కొన్న కుర్రాళ్లు మెడలో వేసుకుని, "ఫుల్ ఫ్రేమ్ తాతా" అని చూపిస్తారు. ఎంత నాయనా అది? 24 మిల్లీమీటర్లకు 36. మా రోజుల్లో దాన్ని 35 ఎంఎం అనేవాళ్లం. మా కంటే ముందటి పుస్తకాల్లో అయితే దాని పేరు మినియేచర్ కెమెరా. స్టుడియోలో 35 ఎంఎం మీద పోర్ట్రెయిట్ తీస్తే ఉస్తాద్ ఒప్పుకునేవాడు కాదు, "అది సినిమా వాళ్ల తుకడా" అనేవాడు. 120 రోలు మీద చదరం దానికి మూడున్నర రెట్లు. హాఫ్ ప్లేటు సంగతి ఇక చెప్పను. మేము చిన్నదని పక్కన పెట్టిన దానికి వీళ్లు ఫుల్ అని పేరు పెట్టి లక్షలు పోస్తున్నారు.

పెద్ద ఫిల్మ్ ఎందుకో తెలియాలంటే శక్కర్‌నగర్ గ్రూపు ఫోటోలు చూడాలి. అక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పెట్టింది, ఆసియాలోనే పెద్దదని మా చిన్నప్పుడు మాస్టర్లు బళ్లో చెప్పేవాళ్లు. గానుగ సీజను అయిపోయినప్పుడో, పెద్ద ఫోర్‌మన్ ఎవరైనా రిటైరైనప్పుడో మాకు కబురొచ్చేది. చెరుకు బిల్లులు చేతికొచ్చే రోజులు కూడా అవే కాబట్టి ఆ రెండు నెలలే మాకు సంక్రాంతి, దసరా. మొలాసిస్ వాసన బట్టలకు పట్టి ఇంటిదాకా వచ్చేది.

గ్రూపు అంటే ఆషామాషీ కాదు. ముందు వరుసలో కుర్చీలు, ఆఫీసర్లకు. రిటైరయ్యే ఆయన మధ్యన, మెడలో బంతిపూల దండ. వెనక నిలబడే వరుస. దాని వెనక క్యాంటీన్ బెంచీల మీద ఇంకో వరుస. ఆ పైన బల్లల మీద పొడుగు కాళ్ల కుర్రాళ్లు. టేకు కాళ్ల స్టాండు మీద హాఫ్ ప్లేటు ఫీల్డు కెమెరా బిగించి, నల్లగుడ్డ కప్పుకుని లోపల తల దూర్చితే గరుకు అద్దం మీద అందరూ తలకిందులుగా కనబడతారు. జనరల్ మేనేజరు సాబ్ తలకిందులుగా ఉండగా చూసే భాగ్యం జిల్లాలో మా ఒక్కళ్లకే. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా అన్ని మొహాలూ తేటగా రావాలంటే ఎఫ్ 22 పెట్టాలి, షట్టరు సెకను దాకా తెరిచి ఉంచాలి. ఆ సెకనులో ఎవడు కదిలితే వాడికి మొహం ఉండదు. "ఊపిరి బిగబట్టండి" అని నేను అరిస్తే, మిల్లులో ఇనుపచక్రాల మధ్య బతికే ఆ మనుషులంతా బొమ్మల్లా నిలబడేవాళ్లు.

అసలు పని ఆ తర్వాత. ప్రింటు దళసరి అట్టకు అంటించి, కింద పెయింటరుతో పేర్లు రాయించాలి. అదంతా ఇంగ్లీషే. సిట్టింగ్ లెఫ్ట్ టు రైట్, ఇన్ని పేర్లు. స్టాండింగ్ ఫస్ట్ రో, ఇన్ని పేర్లు. సెకండ్ రో. చివర్లో ఒక గీత గీసి, ఆబ్సెంట్ అని రాసి, ఆ రోజు డ్యూటీ దిగలేక రానివాళ్ల పేర్లు. ఫోటోలో లేనివాడికి కూడా ఫోటోలో చోటుండేది. ఒక్క పేరు తప్పు పడితే అట్ట మొత్తం మళ్లీ రాయించాలి, పెయింటరు తిట్లు వేరే. హాఫ్ ప్లేటు నెగెటివ్ కాబట్టి భూతద్దం పెట్టి చూస్తే నాలుగో వరుసలో ఆయన జేబులో పెన్నుల క్లిప్పులు లెక్కపెట్టొచ్చు.

ఆ ఫ్యాక్టరీలో సర్కారు 2002లో పెద్ద వాటా ప్రైవేటు వాళ్లకు అమ్మింది. 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామనే మాట ప్రతి ఎన్నికకూ ఒకసారి వినబడుతుంది. గేటు లోపలికి పోవడానికి లేదు కాబట్టి, "మా బాపు గీడ పని చేసిండు" అని చెప్పుకోవడానికి ఎందరో పిల్లలకు ఇంట్లో గోడ మీది ఆ గ్రూపు ఫోటోయే ఆధారం. లెఫ్ట్ టు రైట్ వేలు పెట్టి లెక్కపెట్టి, ఏడో ఆయన అని చూపిస్తారు. ఇప్పుడు ఆఫీసుల్లో ఎవరైనా రిటైరైతే వంద ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పడతాయి. పదేళ్ల తర్వాత ఆ వందలో ఎవరు ఎవరో చెప్పేవాడు ఒక్కడుంటే నాకు చూపించండి.

స్టుడియోలో దిగేవాళ్లకు వేరే లెక్క. బస్టు, త్రీ ఫోర్తు, ఫుల్ లెంగ్తు. సంబంధాలు చూసేవాళ్లకు ఫుల్ లెంగ్తు తప్పనిసరి, పిల్ల ఎత్తు తెలియాలి కదా. పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పూలకుండీ ఒకటి, అది పిల్ల ఎత్తు కొలవడానికి అబ్బాయి తరఫు వాళ్ల కొలబద్ద. అబ్బాయిలకు మా దుకాణం కోటు, టై ఉచితం. ఆ కోటు తొడుక్కుని జిల్లాలో ఎందరు పెళ్లికొడుకులయ్యారో లెక్కలేదు, వెనక కుట్లు ఊడిపోయి పిన్నులు పెట్టి నడిపించాం, ఫోటోలో ముందు పక్కే కదా పడేది. లైటు పెట్టేటప్పుడు ఉస్తాద్ "రెంబ్రాంట్ లగా" అనేవాడు. ఒక పక్క నుంచి ఎత్తుగా లైటు పెడితే, చీకటి వైపు చెంప మీద కంటి కింద ముక్కోణంలో చిన్న వెలుగు పడుతుంది. ఆ ముక్కోణం పడితేనే మీట నొక్కాలి. రెంబ్రాంట్ హాలండు చిత్రకారుడని ఆయనకు తెలియదు. లైటు కంపెనీ పేరనుకున్నాడు. కానీ ముక్కోణం ఏనాడూ తప్పలేదు.

డార్క్‌రూమ్ గురించి చెప్పడం మొదలుపెడితే మా ఇంటావిడ లేచి వెళ్లిపోతుంది, మీరు వెళ్లకండి. ఎర్రబల్బు కింద మూడు తొట్లు. డెవలపరు, నీళ్లు, హైపో. డెవలపర్‌లో మెటాల్, హైడ్రోక్వినోన్ పాళ్లు ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. హైపో బాగా కడగకపోతే ఫోటో కొన్నేళ్లకు పచ్చబడుతుంది, అందుకే ప్రింట్లు గంటసేపు పారే నీళ్లలో ఆడాలి. గ్లాసీ కాగితం మెరవాలంటే నిగనిగలాడే రేకు మీద తడి ప్రింటు బోర్లించి, రోలరుతో నొక్కి ఆరబెట్టాలి. ఆరిన తర్వాత టప్‌మని దానంతటదే ఊడొచ్చేది. మొహం మీద మశూచి మచ్చలుంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిలు ములుకుతో చుక్కలు చుక్కలుగా నింపేవాళ్లం, దాని పేరు రీటచింగు. ఎన్లార్జరు కింద కొట్టేటప్పుడు మొహం నల్లబడుతుంటే, తీగ చివర అట్టముక్క అంటించి ఆ చోట నీడ పట్టడం డాడ్జింగు. పంచె మరీ తెల్లగా వస్తుంటే రెండు చేతుల మధ్య కన్నం చేసి అక్కడొక్కటే వెలుతురు పోయడం బర్నింగు.

ఈ రెండు పనులూ ఫోటోషాప్‌లో ఉన్నాయి. 1990లో ఆ సాఫ్ట్‌వేరు చేసినవాళ్లు డార్క్‌రూమ్ తెలిసినవాళ్లే మరి. డాడ్జ్ గుర్తు చూడండి, పుల్ల చివర గుండ్రటి అట్ట. బర్న్ గుర్తు, వేళ్లు ముడిచిన చెయ్యి. నిజామాబాదులో ఆల్బం డిజైన్ చేసే ఒక కుర్రవాణ్ని ఈ పుల్ల ఏందిరా అని అడిగితే "లాలీపాప్" అన్నాడు. రోజుకు వందసార్లు నొక్కుతున్నాడు దాన్ని. వాడి తప్పేం లేదు. వాడికి నేర్పినవాడికీ ఎవరూ చెప్పలేదు.

రంగుల కాలం వచ్చినప్పుడు మాటలు మారాయి కానీ కొలత పోలేదు. రోల్ హైదరాబాద్ ల్యాబ్‌కు పంపితే పోస్టుకార్డు సైజు మ్యాక్సీ అయి తిరిగొచ్చింది, 4కు 6. గల్ఫ్ పోయే దారి తెరుచుకున్నాక ఆర్మూరు, కామారెడ్డి, బోధన్ అంతా పాస్‌పోర్టు ఫోటోల మీదే దుకాణాలు నడిచాయి. 35 మిల్లీమీటర్లకు 45, వెనక తెల్లగుడ్డ, రెండు చెవులూ కనబడాలి. దుబాయి నుంచి తిరిగొచ్చిన ప్రతివాడి సంచిలో ఒక యాషికా. ఇక్కడ కొడుకు పుడితే భార్య పోస్టుకార్డు సైజు ఒకటి కొట్టించి, వెనక తేదీ రాసి, విమానం కవరులో పెట్టి పంపేది. వెనక తేదీ రాయడం ఎవరు నేర్పారో కానీ బంగారం లాంటి అలవాటు. పెళ్లిళ్లలో రోలు పొదుపు కోసం మా వాళ్లకో విద్య ఉండేది. పెళ్లిపందిట్లో పిల్లమూక కెమెరా ముందు ఎగబడితే ఉత్త ఫ్లాష్ కొట్టి పంపేవాళ్లు. ఫ్లాష్ వెలిగితే ఫోటో దిగినట్టే. మోసమనకండి, ఇప్పటి వాళ్లు తీసే మూడు వేలలో పెళ్లివారు చూసేది రెండు వందలే. మిగతావన్నీ ఉత్త ఫ్లాషులే.

ఇక క్యాండిడ్ దగ్గరికి రండి. ఆ తీరుకు పేరొచ్చింది 1920ల చివర్లో, జర్మనీలో ఎరిక్ సలోమన్ అనే ఆయన చిన్న ఎర్మనాక్స్ కెమెరాను దాచిపెట్టి కోర్టుల్లో, దేశాధినేతల సభల్లో ఎవరికీ తెలియకుండా ఫోటోలు తీసినప్పుడు. దిగేవాడికి తెలియకూడదు, అదీ షరతు. మొన్న ఒక పెళ్లిలో చూశాను. క్యాండిడ్ ఫోటోగ్రాఫర్ పెళ్లికూతురితో, "మేడం, మీరు సహజంగా అటు చూసి నవ్వండి. ఊహూ, ఇంకా సహజంగా. చెయ్యి చెంప దగ్గర పెట్టుకోండి. సార్ మీరు చూడనట్టు చూడండి. మళ్లీ ఒకసారి." తలంబ్రాలు నాలుగుసార్లు పోయించాడు. అయ్యగారు పుస్తకం మూసి కూర్చున్నాడు. ముహూర్తం వీళ్ల కోసం ఆగదని తెలిసి, ఆగినట్టు నటిస్తున్నాడు. మేం మనుషుల్ని నిలబెట్టి తీసినప్పుడు నిలబెట్టామని అందరికీ తెలుసు. దాన్ని క్యాండిడ్ అని బిల్లు వేయలేదు.

ప్రీ వెడ్డింగ్ కోసం అలీసాగర్ పోతారు, ఖిల్లా గుట్ట ఎక్కుతారు, నిజాంసాగర్ కట్ట మీద చీరకొంగు గాలికి వదిలి పరుగెత్తిస్తారు. పరుగెత్తండి, వయసులో ఉన్నారు. నా గొడవల్లా వెనక మసకకు వాళ్లు పెట్టుకున్న పేరు మీద. బొకే అంటారు. నేను పూలగుత్తి అనుకుని ఎక్కడా అని చూశాను. లెన్సు నోరు పెద్దగా తెరిస్తే వెనకది మసకబారుతుందని మాకు తెలుసు, ఎఫ్ 2.8 అనేవాళ్లం, మసక ఎంత కావాలో అంకెతో చెప్పేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌లో పోర్ట్రెయిట్ అని నొక్కితే లెన్సు తెరుచుకోదు, సాఫ్ట్‌వేరే వెనకంతా తుడిచేస్తుంది. మా మనవరాలి ఫోటోలో ఒక జుమ్కా కూడా తుడిచేసింది. జుమ్కా ఏదమ్మా అంటే, "ఏఐ తాతా" అంది. అదేదో దొంగ పేరులా చెప్పింది.

ఇదంతా ముసలివాడి సణుగుడని పక్కన పెట్టండి, పనికొచ్చే ముచ్చట ఒకటి ఉంది. దుకాణం కొడుకు చూసుకుంటున్నా పొద్దున పూట నేను కూర్చుంటాను. ఎక్కువగా వచ్చేది ఈ పనే. "కాకా, మా బాపు పోయిండు. దశదినకర్మకు ఫోటో పెద్దది చెయ్యాలె." ఫోటో ఏదిరా అంటే ఫోన్ చాపుతాడు. ఎవరి పెళ్లిలోనో మూల నిలబడ్డ తండ్రి, పక్కన ఎవరిదో భుజం. ఎవరో పంపితే ఇంకెవరికో పంపి, అక్కడి నుంచి మళ్లీ వీడికొచ్చింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పొడవు ఒక్కోసారి 1600 చుక్కలకే కుదించి పంపుతుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఫోటో మొత్తానికి కలిపి అయిదు అంగుళాలు. అందులో ఆయన మొహం వాటా ఒక మూల, బొటనవేలంత. దాన్ని 12కు 15 చెయ్యమంటాడు. ఏఐతో చేస్తే వస్తది కాకా అంటాడు. వస్తుంది, మొహం నున్నగా వస్తుంది. కానీ అది వాళ్ల బాపు మొహం కాదు, వాళ్లమ్మ ఒక్క చూపులో చెప్పేస్తుంది.

అదే మనిషి 1980లలో మా దగ్గర పాస్‌పోర్టు ఫోటో దిగి ఉంటే, కవరు మీద నంబరు చెబితే చాలు. చెప్పకపోయినా పేరు, సాలు చెబితే రిజిస్టరు తిరగేస్తాను. తగరపు పెట్టెల్లో వరుసగా ఉన్నాయి. 6కు 6 నెగెటివ్, గోడంత చెయ్యమన్నా చేస్తాను. ఇట్లా ఎందరికో చేసి ఇచ్చాను కూడా. మొహం మీది మచ్చతో సహా వచ్చినందుకు సంతోషించినవాళ్లే అందరూ.

కాబట్టి పాత స్టుడియోలు మూసేస్తున్నవాళ్లకు ఒక్కటే చెబుతున్నాను. నెగెటివ్ పెట్టెలు తూకానికి వేయకండి. గాజు పలకలుంటే కడిగి కిటికీలకు వాడకండి, అట్లా వాడినవాళ్లున్నారు. ఇళ్లల్లో బీరువా అడుగున కవర్లుంటే బయటికి తీసి, గాలి తగిలేచోట పెట్టండి, ఎవరెవరో తెలిసిన పెద్దవాళ్లు బతికుండగానే పేర్లు రాయించుకోండి. ఫోన్ ఫోటో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు కుదించదు. ఏడాదికి ఒక్కటంటే ఒక్కటి, ఇంట్లో పెద్దవాళ్లది, కాగితం మీద కొట్టించి, వెనక పేరూ తేదీ రాయండి. సైజు అడిగితే హాఫ్ ప్లేటు అని చెప్పండి. ఆ పేరు తెలిసిన దుకాణాలు బోధన్‌లో ఇంకా ఉన్నాయి.